కందగడ్డకు ఒక్క శివరాత్రేనా?

శివరాత్రికి రెండు మూడు రోజుల ముందు హుస్నాబాద్ అంగట్లో కందగడ్డ కుప్పలు లేస్తాయి. కోహెడ, అక్కన్నపేట తొవ్వల వెంట కూడా బస్తాలు దిగుతాయి. ఒక్క పొద్దు ఉండే ప్రతి ఇల్లూ రెండు కిలోలో మూడు కిలోలో కొంటుంది. ఆ రెండు రోజులు ధర గట్టిగానే పలుకుతుంది. జాగారం తెల్లారితే మాత్రం అదే గడ్డను అడిగే మనిషి ఉండడు. మిగిలిన బస్తాను వచ్చిన కాడికి ఇచ్చేసి రైతు ఇంటికి పోవాలి, లేదా పశువులకు వేయాలి. నాలుగు నెలలు చెలకలో పెరిగిన పంటకు రెండు రోజుల అంగడి. దీన్ని మనం ఇన్నేండ్లుగా మామూలు సంగతి అనుకున్నాం. ఈసారి దీని మీదనే మాట్లాడుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా పేరు సంగతి తేల్చుకుందాం. మనం కందగడ్డ అనేదాన్ని పుస్తకాల్లో చిలగడదుంప అని రాస్తారు. రాయలసీమ వాళ్లు గెనుసుగడ్డ అంటారు. మన దగ్గరనే కొన్ని ఊర్లలో రత్నపురి గడ్డ, మొరంగడ్డ అంటారు. కోస్తా వాళ్లకు కంద అంటే దురద పెట్టే వేరే దుంప. ఇన్ని పేర్లున్న పంట ఇది. అయినా వ్యవసాయ శాఖ ప్రణాళికల్లో దీని మాట వినపడదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఇది లేదు. మన సంఘం సమావేశాల్లో కూడా వడ్లు, పత్తి, మక్కల గురించి గంటలు మాట్లాడాం గానీ దీని గురించి ఒక్క తీర్మానం చేయలేదు.

కాలానికి తగ్గ తిండి మనకు కొత్త కాదు. తొలి ఏకాదశికి పేలాల పిండి, బతుకమ్మకు సత్తుపిండి, సంక్రాంతికి సకినాలు, శివరాత్రికి కందగడ్డ. వీటిలో సకినాలు పండుగ దాటి బయటికి వచ్చాయి. ఇప్పుడు కరీంనగర్, వరంగల్ పట్టణాల్లో ఏడాది పొడుగునా సకినాలు చేసి అమ్మే ఇండ్లున్నాయి. అమెరికాలో ఉన్న పిల్లలకు పార్సిళ్లు పోతున్నాయి. కందగడ్డ మాత్రం ఉపవాసం రోజు దగ్గరనే ఆగిపోయింది.

ఇదే గడ్డ జపాన్‌లో ఎక్కడిదాకా పోయిందో చూస్తే మనకు లెక్క అర్థమవుతుంది.

కరువు తిండి నుంచి కాలపు రుచి దాకా

జపాన్ వాళ్లు కందగడ్డను సత్సుమాయిమో అంటారు. సత్సుమా అంటే ఆ దేశానికి దక్షిణాన ఉన్న, ఇప్పుడు కగోషిమా అని పిలిచే ప్రాంతం. ఇమో అంటే దుంప. ఈ గడ్డ పుట్టింది అమెరికా ఖండంలో. చైనా మీదుగా 1605లో ర్యూక్యూ దీవులకు, అంటే ఇప్పటి ఒకినావాకు చేరింది. అక్కడి నుంచి సత్సుమాకు పాకింది. అగ్నిపర్వతాల బూడిద పడిన ఆ నేలలో వరి సరిగా పండదు, తుఫాన్లు ఎక్కువ. నేల లోపల దాగి పెరిగే గడ్డ ఆ జనాన్ని నిలబెట్టింది.

1732లో పడమటి జపాన్‌లో మిడతలాంటి పురుగులు పడి వరి పోయింది, పెద్ద కరువు వచ్చింది. కందగడ్డ పండించుకున్న ఊర్లు కొంత తట్టుకున్నాయి. అది చూసి అక్కడి ప్రభుత్వం అఒకి కొన్యో అనే పండితుడితో 1735లో రాజధాని ఎదో చుట్టుపక్కల ఈ గడ్డను సాగు చేయించి చూసింది. ఆ ఎదోనే నేటి టోక్యో. రెండో ప్రపంచ యుద్ధం కాలంలో, ఆ తర్వాతి ఆకలి ఏండ్లలో కూడా జపాన్ జనం కడుపు నింపింది ఈ గడ్డనే. అప్పుడు బియ్యం దొరకక పూటపూటకూ గడ్డలే తిన్న తరం, తర్వాత దాని మొహం చూడడానికి ఇష్టపడలేదని చెప్తారు.

అంటే అక్కడా ఇది పేదోళ్ల తిండిగానే పేరు మోసింది. మన జొన్న గటక, అంబలికి పట్టిన గతే దానికీ పట్టింది. అటువంటి గడ్డ ఇప్పుడు జపాన్‌లో ఆకురాలు కాలానికి గుర్తుగా నిలిచింది. సెప్టెంబర్ వచ్చిందంటే మిఠాయి దుకాణాల్లో, బేకరీల్లో, సూపర్ మార్కెట్లలో కందగడ్డ రుచులు దిగుతాయి. వేడి గులకరాళ్ల మీద మెల్లగా కాల్చిన యాకిఇమో ఉంటుంది. ముక్కలు కోసి నూనెలో వేయించి చక్కెర పాకం పట్టిన దైగాకుఇమో ఉంటుంది. పుల్లల్లా సన్నగా తరిగి కరకరలాడేలా వేయించి తీపి పట్టించిన ఇమో కెంపీ ఉంటుంది. ఉడికించి, కోసి, ఎండబెట్టిన హోషిఇమో చలికాలం పొడుగునా అమ్ముడవుతుంది. చాక్లెట్లు, ఐస్‌క్రీములు, చిప్స్ చేసే కంపెనీలు కూడా ఈ కాలానికే అని ముద్రించి కందగడ్డ రుచితో పొట్లాలు తెస్తాయి.

వాళ్లకు అక్టోబర్ 13 కందగడ్డ దినం. ఆ తారీఖు వెనక ఒక మాటల చమత్కారం ఉంది. చెస్ట్‌నట్ గింజను వాళ్లు కురి అంటారు. తొమ్మిది రి అన్నా పలికేది అట్లనే. రి అంటే మన ఆమడ, కోసు లాంటి పాత దూరపు లెక్క. 'కంటే' అనే మాటను యోరి అంటారు, నాలుగు రి అన్నా అదే పలుకు. తొమ్మిదీ నాలుగూ కలిస్తే పదమూడు. అందుకని ఎదోలో కాల్చిన గడ్డలు అమ్మేవాళ్లు తమ సరుకును పదమూడు రి అని పిలిచారు. చెస్ట్‌నట్ కంటే రుచి అని దాని భావం. గడ్డలకు పేరు మోసిన కవగోయె ఊరు కూడా ఎదోకు దాదాపు పదమూడు రి దూరమేనట. ఆ ఊరి కందగడ్డ అభిమానులు 1987లో ఈ దినాన్ని మొదలుపెట్టారు. అంగట్లో అమ్మేవాడి కేక ఒక పంటకు పండుగ తారీఖు అయింది.

తవ్విన తర్వాతనే అసలు కథ

ఇదంతా ప్రచారం వల్లనే జరిగిందనుకుంటే పొరపాటు. గడ్డ తవ్విన తర్వాత ఏం చేయాలో జపాన్ రైతులు నేర్చుకున్నారు. మనం నేర్చుకోవలసింది కూడా అదే.

అప్పుడే తవ్విన గడ్డలో పిండి ఎక్కువ, తీపి తక్కువ. తవ్వేటప్పుడు దాని తోలుకు గాయాలవుతాయి. ఆ గాయాల నుంచే కుళ్లు మొదలవుతుంది. అందుకని తవ్విన వెంటనే గడ్డలను 30 నుంచి 33 డిగ్రీల వేడిలో, బాగా తేమ ఉన్న గదిలో నాలుగైదు రోజులు ఉంచుతారు. గాయం మీద బెరడులాంటి పొర కడుతుంది. దీన్ని క్యూరింగ్ అంటారు. ఆ తర్వాత 13 నుంచి 15 డిగ్రీల చల్లదనంలో నిల్వ పెడతారు. అట్లా పెట్టిన గడ్డ నెలల తరబడి చెడదు. పైగా లోపలి పిండి కొద్దికొద్దిగా చక్కెరగా మారి తీపి పెరుగుతుంది. కాల్చేటప్పుడు కూడా తొందర పడరు. మంట పెంచకుండా మెల్లగా కాలిస్తే గడ్డ లోపల పిండి చక్కెరగా మారడానికి వ్యవధి దొరుకుతుంది. మనం కుక్కర్లో పెట్టి నాలుగు విజిల్స్‌కు దించే గడ్డకూ, గంటసేపు కాల్చిన గడ్డకూ రుచిలో తేడా అందుకే వస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆలుగడ్డలు పెట్టే కోల్డ్ స్టోరేజీలో కందగడ్డ పెడితే పాడవుతుంది. పది డిగ్రీల కంటే చల్లబడితే లోపల గట్టిపడి, నల్లబడి, కుళ్లుతుంది. కాబట్టి కోల్డ్ స్టోరేజీ ఉంది కదా అని ఎవరైనా చెప్తే నమ్మి పెట్టకండి.

ఇబరాకి రాష్ట్రంలోని నమెగాత రైతుల సంగతి మనకు ఎక్కువ పనికొస్తుంది. వాళ్లు సహకార సంఘంగా కూడి, పచ్చి గడ్డ అమ్మితే లాభం లేదని గ్రహించారు. సూపర్ మార్కెట్లలో చిన్న కరెంటు పొయ్యిలు పెట్టించి, అక్కడికక్కడే కాల్చి అమ్మే పద్ధతి పట్టారు. ఏ రకాన్ని ఎన్నాళ్లు నిల్వ పెడితే, ఎంత వేడిలో ఎంతసేపు కాలిస్తే బాగుంటుందో పరీక్షలు చేయించారు. ఒక రకం అయిపోయేసరికి ఇంకో రకం అందేలా మూడు రకాలను కాలం వారీగా వరుస పెట్టారు. ఆకురాలు కాలపు తిండి ఏడాది తిండి అయింది. 2017లో ఆ సంఘానికి వ్యవసాయ రంగంలో అక్కడ పెద్ద గౌరవమైన చక్రవర్తి కప్పు దక్కింది. ఇది ఒక కంపెనీ చేసిన పని కాదని గుర్తు పెట్టుకోవాలి. మనలాగే చిన్న కమతాల రైతులు కూడి చేసిన పని.

జపాన్‌లో అంతా పచ్చగా లేదు

మెచ్చుకోవడంతోనే ఆపితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. అక్కడ పల్లెల్లో రైతులు ముసలివాళ్లయ్యారు, పొలం చేసే పిల్లలు తగ్గారు. కగోషిమాలో పండే గడ్డలో ఎక్కువ భాగం సారాయికీ, గంజి పిండికీ పోతుంది. అక్కడ ధర చెప్పేది ఫ్యాక్టరీ. 2018 నుంచి ఆ ప్రాంతంలో మొదలు కుళ్లు తెగులు పడి తీగలు, గడ్డలు పెద్ద ఎత్తున పోయాయి. తెగులు సోకిన తీగను నాటుకోవడం అది పాకడానికి ఒక కారణం. ఆకురాలు కాలం రుచి అని రంగురంగుల పొట్లం మీద అచ్చేసిన కంపెనీ లాభంలో రైతు వాటా ఎంత అనే ప్రశ్న అక్కడా ఉంది.

మన దగ్గర చిరుధాన్యాల కథలో ఇది చూశాం. జొన్నలు, కొర్రలు పేదోళ్ల తిండి అని వదిలేశాం. ఇప్పుడు పట్నంలో అవే అందమైన పొట్లాల్లో బియ్యం కంటే ఎక్కువ ధరకు పోతున్నాయి. పండించిన రైతుకు ఆ తేడాలో దక్కుతున్నది ఎంత? పంటకు పేరు రావడం ఒకటి, ఆ పేరుతో వచ్చే పైసలు రైతు చేతికి రావడం మరొకటి. తవ్విన తర్వాత గడ్డ ఎవరి చేతిలో ఉంటే కాలపు ధర వాళ్లదే. నమెగాతలో గడ్డ సంఘం చేతిలో ఉంది. మన అంగట్లో శివరాత్రి తెల్లారేసరికి గడ్డ ఎవరి చేతిలోనూ నిలవదు. తేడా అంతా అక్కడే ఉంది.

మన చెలకలు, మన కష్టాలు

మనది మెట్ట. గౌరవెల్లి నీళ్ల కోసం ఏండ్లకేండ్లు ఎదురుచూస్తున్న ప్రాంతం. బోర్ల మీద యాసంగి వరి పెట్టి, ఎండాకాలం ముదిరేసరికి బోరు ఎత్తిపోతే కండ్లముందే పొట్ట దశలో ఎండిన మడులను చూసినవాళ్లం. నీళ్లున్న ఏడు ఇంకో దెబ్బ. 2025 అక్టోబర్ చివర మొంథా తుఫాను వానకు హుస్నాబాద్ మార్కెట్ యార్డులో ఆరబోసిన వడ్లు వరదలో కొట్టుకుపోయాయి. ఒక్క పంట మీద ఇల్లంతా ఆధారపడితే ఒక్క రాత్రి చాలు.

కందగడ్డకు వరికి పెట్టే నీళ్లలో సగం కూడా అక్కర్లేదు. ఎర్ర చెలకలు, ఇసుక కలిసిన దుబ్బ నేలలు దానికి నప్పుతాయి. అక్టోబర్, నవంబర్‌లో బోదెలు కట్టి తీగ నాటితే శివరాత్రికి గడ్డ చేతికొస్తుంది. విత్తనం కంపెనీ దగ్గర కొనే పని లేదు. జానెడు తీగ ముక్కనే విత్తనం. అయితే వరి పీకి కందగడ్డ పెట్టమని మేము చెప్పడం లేదు. నీళ్లు నిలిచే నల్లరేగడిలో ఇది రాదు. తుఫాను వానకు నీళ్లు నిలిస్తే ఈ గడ్డ కూడా కుళ్లుతుంది. ఎకరాలకెకరాలు ఒకేసారి వేస్తే శివరాత్రి అంగడి కూడా పడిపోతుంది. ఒక్కో ఇంటికి పది గుంటలు, అది కూడా ఊర్లో కొందరు కలిసి పక్కపక్కన పెడితేనే చూడదగిన పని.

పక్కపక్కన అని ఎందుకంటున్నామో మీకు తెలుసు. పగలు కోతులు, రాత్రి అడవి పందులు. వీటికి భయపడి పల్లి మానేశాం, మక్క మానేశాం, ఇంటి ముందు కూరగాయలు కూడా మానేశాం. కందగడ్డ అంటే పందికి ప్రాణం. ఒక్క రాత్రిలో గుంటెడు నేల తిరగేసి పోతుంది. ఎక్కడో ఒంటరిగా పది గుంటలు పెట్టిన రైతు కాపలా కాయలేడు. పది మంది ఒకే చోట పెడితే ఒక సోలార్ కంచె, వంతులవారీ కాపలా సాధ్యమవుతాయి. కంచె సబ్సిడీ సంగతి తేల్చకుండా పంట మార్చండి అని చెప్పే అధికారులకు మన జవాబు ఒక్కటే: ముందు పందిని ఆపండి, తర్వాత పంట గురించి చెప్పండి.

రెండో శత్రువు ముక్కు పురుగు. నేల ఎండి పగుళ్లు వస్తే ఆ పగుళ్లలోంచి దిగి గడ్డను తొలుస్తుంది. పురుగు తొలిచిన గడ్డ చేదెక్కుతుంది, పశువులు కూడా ముట్టవు. నేల పగలకుండా తడి ఇవ్వాలి, నెలకోసారి బోదెకు మట్టి ఎగదోయాలి, పురుగు లేని చేను నుంచే తీగ తెచ్చుకోవాలి, అదే మడిలో మళ్లీ మళ్లీ వేయొద్దు. లింగాకర్షక బుట్టలు కూడా ఉన్నాయి. ఇవి ఒక్కరు చేస్తే లాభం లేదు, పక్క చేనులోంచి పురుగు వస్తుంది. ఇది కూడా కలిసి చేయవలసిన పనే.

రంగు గడ్డలు, అంగన్‌వాడీ పళ్లాలు

తిరువనంతపురంలో 1963 నుంచి కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ పనిచేస్తున్నది. అక్కడి నుంచి వచ్చిన భూసోన అనే రకం లోపల క్యారెట్‌లాగా నారింజ రంగులో ఉంటుంది. దానిలో విటమిన్ ఏ గా మారే బీటా కెరోటిన్ దండిగా ఉంటుంది. భూకృష్ణ అనే రకం లోపల ఊదా రంగు. మనం అంగట్లో చూసే తెల్ల గడ్డలో ఆ బీటా కెరోటిన్ చాలా తక్కువ. ఆఫ్రికాలో నారింజ రంగు గడ్డను పిల్లల కండ్లను కాపాడే తిండిగా పల్లెపల్లెకూ తీసుకుపోయిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి ఇచ్చారు.

మన రాష్ట్రంలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల్లో ఒక పూట సంపూర్ణ భోజనం పెట్టే ఆరోగ్యలక్ష్మి పథకం 2015 నుంచి ఉంది. బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం ఉంది, హాస్టళ్లు, గురుకులాలు ఉన్నాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వారానికి ఒక్క రోజు ఉడికించిన కందగడ్డ పెట్టినా, మన మండలాల్లో పండేదానికి శివరాత్రి తెల్లారి కొనేవాడు దొరికినట్టే. దూరం నుంచి లారీల్లో తెచ్చే సరుకు బదులు పక్క ఊరి గడ్డ పక్క ఊరి పిల్లల పళ్లెంలోకి పోతుంది. పిల్లలకు బలం, రైతుకు ఖాయమైన గిరాకీ.

ముల్కనూరు మన పక్కనే ఉంది

నమెగాత దూరం అనుకుంటే ముల్కనూరు చూడండి. భీమదేవరపల్లి మండలంలో 1956లో మొదలైన ఆ సహకార సంఘం అప్పులు, ఎరువులు, విత్తనాలు, వడ్ల కొనుగోలు, మిల్లు అన్నీ రైతుల చేతిలోనే ఉంచింది. అదే నేలలో మహిళలు పాల సహకార సంఘం కట్టుకుని స్వకృషి పేరుతో పాలు, పెరుగు అమ్ముతున్నారు. పాలు ఒక్క పూటకు విరిగిపోయే సరుకు. దాన్నే నిలబెట్టుకున్న మన అక్కచెల్లెళ్లకు నెలలు నిలిచే గడ్డ ఒక లెక్కనా?

పెద్ద కార్ఖానా అడగడం లేదు. మన దగ్గర ఫిబ్రవరి, మార్చి పగటి వేడి క్యూరింగ్‌కు సరిపోయేంత ఉంటుంది. తడి గోనెసంచులతో తేమ పెంచిన ఒక గది ఉంటే మొదటి మెట్టు ఎక్కినట్టే. నీడలో గుంత తీసి పొడి ఇసుక, బూడిద పొరల మధ్య గడ్డలు పేర్చినా కొన్ని వారాలు ఆగుతాయి. పదిహేను రోజులు ఆపగలిగితే శివరాత్రి తెల్లారి తెగనమ్మే అవసరం ఉండదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతరకు జనం వస్తూనే ఉంటారు. శివరాత్రికి వేములవాడ రాజన్న దగ్గర లక్షల జనం. జాతరలో ఉడకబెట్టిన మక్క కంకి తింటారు, వేయించిన పల్లీలు తింటారు. బొగ్గుల మీద మెల్లగా కాల్చిన కందగడ్డ మాత్రం ఎందుకు తినరు?

కాబట్టి సంఘం తరఫున ఈ డిమాండ్లు పెడుతున్నాం. మన జిల్లా ములుగులోనే ఉన్న కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం తెగులు లేని తీగలను, భూసోన లాంటి రకాలను మన మెట్ట నేలల్లో పరీక్షించి రైతులకు అందించాలి. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో క్యూరింగ్ గదులు, 13 నుంచి 15 డిగ్రీలు పట్టే చిన్న నిల్వ గది కట్టాలి. సూక్ష్మ ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో ఉన్న 35 శాతం సబ్సిడీని ముందు మహిళా సంఘాలకు, రైతు సంఘాలకు ఇవ్వాలి. అంగన్‌వాడీలు, హాస్టళ్లు స్థానిక రైతు సంఘాల నుంచి గడ్డ కొనాలి. జాతరల్లో రైతు సంఘాల దుకాణాలకు కిరాయి లేని జాగా ఇవ్వాలి. శివరాత్రి తర్వాత ధర పడిపోతే మార్కెట్ జోక్యం పథకం కింద ప్రభుత్వం కొనాలి.

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఒక్క లెక్క తీయండి. మీ ఊర్లో కందగడ్డ ఎవరెవరు, ఎన్ని గుంటలు పెడుతున్నారు, తీగ ఎక్కడి నుంచి తెస్తున్నారు, పోయిన శివరాత్రి ముందు రోజు ధర ఎంత, తెల్లారి ధర ఎంత, ఎంత గడ్డ పశువులకు పోయింది. ఆ లెక్క రాసి మండల కమిటీకి పంపండి. ఆ కాగితం చేతిలో ఉంటే కలెక్టర్ ముందు మన మాటకు బరువుంటుంది. గడ్డ పెట్టిన ఇండ్లు పది తేలిన ఊర్లో ఈ శివరాత్రికే ఒక గది, కొన్ని తడి సంచులతో మొదలుపెడదాం. ఆ పదిహేను రోజులు ఆపి అమ్మిన ధర ఎంతో వచ్చే సంచికలో ఊరి పేరుతో సహా అచ్చేస్తాం.